మూడు సముద్రాలను కలిపే ప్రవాహం

పసిఫిక్, అట్లాంటిక్, హిందూ మహాసముద్రం అంటూ పిల్లలు పేర్లు అప్పజెబుతుంటే, ఒక్కొక్కటీ ప్రహరీగోడ కట్టుకున్న ఇల్లేమో అనిపిస్తుంది మనకి. ఓసారి ప్రపంచపటంలో అట్టడుగుకి చూడండి. అంటార్కిటికా మంచుఖండం చుట్టూ నేల అడ్డులేని నీటివలయం ఉంది. అందులో పడమటి నుంచి తూర్పుకి ఒక ప్రవాహం రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటుంది. ఆ మూడు సముద్రాల నీళ్లనూ ఒకదానిలో ఒకటి కలిపేది అదే.

మిగతా ప్రవాహాలు ఎక్కడో ఒకచోట ఖండానికి తగిలి పక్కకి తిరగవలసిందే. దీనికా బాధ లేదు. పడమటి గాలులు ఏడాది పొడుగునా తోస్తూంటే సాగిపోతుంది. దక్షిణ అమెరికా కొసకీ మంచుఖండానికీ నడుమ డ్రేక్ జలసంధి దగ్గర కాస్త ఇరుకు. ఆ ఇరుకే సుమారు 800 కిలోమీటర్లు! వేగం చూస్తే చాలాచోట్ల మన నడక పాటి కూడా ఉండదు. దాని బలమంతా వెడల్పులోనూ లోతులోనూ ఉంది. పైనుంచి సముద్రం అడుగు దాకా నీరు కదులుతుంది.

ఎంత నీరంటారా? 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారింది. అలాంటి వరదలు వెయ్యి ఒక్కసారిగా కలిసినా ఈ ప్రవాహానికి సరిరావు.

దాని దారిన మన ఆడపిల్లలు వెళ్లివచ్చారు సుమండీ! 2017 సెప్టెంబరులో నౌకాదళానికి చెందిన ఆరుగురు గోవా నుంచి 'తారిణి' అనే తెరచాప పడవలో బయలుదేరారు. విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య అందులో ఉన్నారు. పడవ పొడుగు అరవై అడుగులైనా లేదు. ఆ పడమటి గాలుల్లో తూర్పుకి సాగి, 2018 జనవరిలో డ్రేక్ జలసంధి మీదుగా కేప్ హార్న్ దాటి, మే నెలలో క్షేమంగా ఇల్లు చేరారు. మొత్తం 254 రోజులు. అంత ఊగే పడవలో పొయ్యి మీద గిన్నె ఎలా నిలిచిందో అని నా ఆశ్చర్యం!

ఎక్కడో తిరిగే నీటితో మనకేం పని అనకండి. ఉత్తరాది వెచ్చటి నీరు నేరుగా మంచు దగ్గరకి పోకుండా ఈ ప్రవాహమే తలుపులా అడ్డుకుంటుంది. మనుషులు వదిలే బొగ్గుపులుసు వాయువులో సముద్రాలు పీల్చుకునే భాగం ఉంది కదా, అందులో సుమారు 40 శాతం ఆ దక్షిణ సముద్రమే పీలుస్తుంది. 2021లో కొందరు శాస్త్రజ్ఞులు దీని పైపొరల వేగం పెరుగుతోందని కొలిచి చెప్పారు. 2025లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు వేసిన కంప్యూటరు లెక్క వేరుగా ఉంది. పొగ ఇలాగే వదిలితే, కరిగిన మంచునీరు ఉప్పునీటిని పలచన చేసి, 2050 నాటికి ప్రవాహం 20 శాతం దాకా మందగించవచ్చట. ఒకటి జరిగినదాని కొలత, మరొకటి రాబోయేదాని అంచనా; రెండూ నిజమే కావచ్చు. నాకు భయం వేసేది రెండోదే. తలుపు సడలితే వెచ్చటి నీరు లోపలికి పోతుంది, మంచు ఇంకా కరుగుతుంది, ప్రవాహం ఇంకా నీరసిస్తుంది.

అన్నట్టు, మన బంగాళాఖాతం అట్టడుగున ఉన్న చల్లటి నీరు కూడా ఆ మంచుఖండం వైపు నుంచి, ఏళ్లూ పూళ్లూ మెల్లగా పాకుతూ వచ్చినదే.