ఎవరి సంతకం పెడుతున్నాం?
(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో ముగ్గురు చిత్రకళా విద్యార్థులు కలిసి చేసిన ప్రసంగ పాఠం)



మేము ముగ్గురం. ఒకరిది ఉట్నూరు వైపు గోండు గూడెం. ఒకరిది భద్రాచలం దాటాక కోయ గూడెం. ఒకరిది సీతంపేట కొండల్లో సవర గూడ. ముగ్గురం ఆశ్రమ పాఠశాలల్లోనే చదివాం. హైదరాబాద్‌లో బొమ్మలు నేర్చుకునే డిగ్రీలో చేరాక ఒకరికొకరం పరిచయమయ్యాం. మైకు ఒకటే కాబట్టి ముగ్గురి మాటా కలిపి ఒకేసారి చెబుతున్నాం.

పెద్దలు మమ్మల్ని "మన కళ గొప్పదనం" గురించి చెప్పమన్నారు. దాని గురించి మాకంటే పెద్దలకే బాగా తెలుసు. మేము ఇంకో చిన్న విషయం చెబుతాం. బొమ్మలు నేర్చుకునే పిల్లలకు తమకు ఏది ఇష్టమో తెలుసుకోవడానికి ఎంత కాలం పడుతుందో, అది తెలియకపోతే ఏం పోతుందో చెబుతాం.

మొదటి సంవత్సరంలో మా సార్ ఒక పని ఇచ్చారు. మీకు నచ్చిన పది బొమ్మలు తెచ్చి క్లాసులో చూపించండి అన్నారు. మేము ఆ రాత్రి ఫోన్‌లో వెతికి, ఎక్కువ లైకులు ఉన్నవి, సీనియర్లు మెచ్చుకునేవి పది పది ఏరుకుని తీసుకెళ్లాం. సార్ అన్నీ చూశారు. "ఇది ఎందుకు నచ్చింది?" అని ఒక్కొక్కరినీ అడిగారు. "బాగుంది సార్" అన్నాం. "బాగుంది అనే మాట వాడకుండా చెప్పండి" అన్నారు. ముగ్గురం తల దించుకున్నాం.

అంబలిలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో మన నాలుకకు ఎవరూ చెప్పక్కర్లేదు. డోలు దెబ్బ తప్పితే మన కాలికి వెంటనే తెలుస్తుంది. అలాంటిది, కంటికి ఏది ఇష్టమో మాత్రం మేము చెప్పలేకపోయాం. చిన్నప్పటి నుంచి మమ్మల్ని ఆ మాట ఎవరూ అడగలేదు. స్కూల్లో ఆపిల్ పండు, జాతీయ జెండా, కొండల మధ్య సూర్యుడు వేయమన్నారు. వేశాం.

రెండో సంవత్సరంలో జరిగింది చెప్పడానికి మాకు కొంచెం సిగ్గుగానే ఉంది. ఫీజు కట్టాల్సిన నెలలో ఒక హోటల్ వాళ్లు గోడకు బొమ్మలు వేయమని పిలిచారు. "మీరు ట్రైబల్స్ కదా, ట్రైబల్ ఆర్ట్ వేయండి, ఒళ్లంతా చుక్కలుండే జింకలు, నెమళ్లు, చెట్లు" అని ఫోన్‌లో నమూనా చూపించారు. ఆ చుక్కల జింక మా ముగ్గురిలో ఎవరి ఇంటి గోడ మీదా లేదు. అయినా "గోండు బొమ్మలే కదా, నేనూ గోండునే కదా" అని మాలో అక్క సర్దిచెప్పింది. ఐదు రోజులు నిచ్చెన ఎక్కి ఫోన్ చూస్తూ చుక్కలు పెట్టాం. డబ్బులు సరిగ్గానే ఇచ్చారు. చివర్లో "కింద మీ సంతకం పెట్టండి" అన్నారు. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎవరి చెయ్యీ ముందుకు రాలేదు. సంతకం లేకుండానే వచ్చేశాం.

ఎందుకు పెట్టలేకపోయామో అప్పుడు తెలియదు. ఆ చుక్కలు ఎక్కడివో వెతుక్కుంటూ పోతే తెలిసింది.

మధ్యప్రదేశ్‌లో పాటన్‌గఢ్ అనే ఊరుంది. అక్కడ ప్రధాన్ గోండులు ఉంటారు. మన ఆదిలాబాద్‌లో ప్రధాన్లు కిక్రి వాయిస్తూ గోండుల కథలు పాడినట్టే, అక్కడి ప్రధాన్లు బానా వాయిస్తూ పాడతారు. 1980ల మొదట్లో భోపాల్‌లోని భారత్ భవన్ కోసం చిత్రకారుడు జగదీశ్ స్వామినాథన్ పంపిన బృందం ఊళ్లు తిరుగుతూ ఆ ఊరికి వెళ్లింది. ఒక ఇంటి గోడ మీది బొమ్మ చూసి ఆగిపోయింది. అది వేసిన కుర్రాడి పేరు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు అటూ ఇటూ. భోపాల్ వచ్చాక ఆయన చేతికి కాగితం, ఇంకు పెన్ను, పోస్టర్ రంగులు దొరికాయి. పాటల్లో విన్న దేవుళ్లను, జంతువులను కాగితం మీదికి తెచ్చారు. వాటి ఒంటిని చుక్కలతో, సన్నని గీతలతో నింపడం తన ఇష్టం కొద్దీ తయారు చేసుకున్నారు. 1989లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఆయన బొమ్మలు పెట్టారు. 2001లో ఇంటికి ఎంతో దూరాన, జపాన్‌లో, నలభై ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. ఆ పద్ధతిని తెలిసినవాళ్లు ఇప్పటికీ ఆయన పేరుతోనే జన్‌గఢ్ కలమ్ అంటారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఊరి గోడకూ, ప్రధాన్ల పాటకూ వందల ఏళ్ల చరిత్ర ఉంది. కానీ మనం "ట్రైబల్ ఆర్ట్" అనుకుని వేసిన ఆ కాగితం మీది చుక్క మాత్రం ఒక కుర్రాడి ఇష్టంలోంచి వచ్చింది. ఆయన దగ్గర చేరి నేర్చుకున్న చుట్టాలు, ఊరివాళ్లు కూడా ఆయన నింపినట్టే నింపి ఊరుకోలేదు. ఒకరు గింజల్లా, ఒకరు గొలుసుల్లా, ఒకరు చేప పొలుసుల్లా, ఎవరి నింపుడు వాళ్లు కనిపెట్టుకున్నారు. బొమ్మ చూడగానే ఇది ఎవరిదో అక్కడివాళ్లు చెప్పేస్తారు. అంటే ఆ నింపుడే వాళ్ల సంతకం.

హోటల్ గోడ మీద మా చెయ్యి ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది. కింద సంతకం పెట్టడానికి చోటు లేదు. గోడ నిండా ఇంకెవరివో సంతకాలు మేమే పెట్టేశాం.

ఆ తర్వాత ముగ్గురం ఒక నిర్ణయం తీసుకున్నాం. తలా ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాం. కన్ను ఆగిన ప్రతి బొమ్మనూ చేత్తో అందులోకి దింపాలి. పక్కన ఒక్క వాక్యం రాయాలి. "బాగుంది", "సూపర్" రాయకూడదు. నచ్చనిది కూడా వేసి, ఎందుకు నచ్చలేదో రాయాలి. ఫోన్‌లో సేవ్ చేసుకుంటే లెక్కలోకి రాదు. సేవ్ చేయడానికి ఒక్క క్షణం చాలు, చేత్తో దింపడానికి గంట పడుతుంది. గంట సేపు కూర్చోబుద్ధి కానిది మనకు అంత ఇష్టం లేదన్నమాట.

ఎనిమిది నెలల తర్వాత మూడు నోటుబుక్కులూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. ఒకే కాలేజీ, ఒకే మెస్సు, ఒకే సార్లు. అయినా మూడూ మూడు దారుల్లో పోయాయి.

సవర తమ్ముడి పుస్తకంలో రంగు దాదాపు లేదు. నీడలు లేవు. బాపు గారి గీతలు పేజీలకు పేజీలు ఉన్నాయి. పక్కన "ముక్కు గీయలేదు, అయినా ముక్కు ఉంది" అని రాసుకున్నాడు. తనకు నచ్చింది గీత కంటే గీయకుండా వదిలిన చోటు అని అక్కడ తెలిసింది. అప్పుడు వాడికి తన ఇంట్లో గోడ గుర్తొచ్చింది. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో, పుల్లతో వేసే బొమ్మ. ముందు చుట్టూ అంచు గీస్తారు, అదే ఇల్లు. లోపల సన్నని గీతలతో మనుషులు, గుర్రాలు, చెట్లు. మిగతా అంతా ఎర్రమట్టి. ఇన్నాళ్లూ "మా గోడ మీదివి పిల్లల బొమ్మలు" అని స్నేహితులకు చూపించడానికి సిగ్గుపడిన వాడు, సెలవులకు ఇంటికెళ్లి ఆ గోడ ముందు రెండు రోజులు కూర్చున్నాడు.

గోండు అక్క పుస్తకం అంతా కథలే. 2011లో వచ్చిన 'భీమాయన' అనే బొమ్మల పుస్తకం ఆమెకు దొరికింది. అంబేడ్కర్ జీవిత కథకు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. వీళ్లిద్దరూ ప్రధాన్ గోండులే. కామిక్ పుస్తకాల్లో ఉండే డబ్బాల్లో మనుషులను ఇరికించలేదు. మంచి మాట పలికితే ఆ మాట చుట్టూ పిట్ట ఆకారం ఉంటుంది. కుల అహంకారంతో విషం కక్కే మాట అయితే దానికి తేలు కొండి ఉంటుంది. అక్క పక్కన రాసుకుంది: "చదవకుండానే కుట్టింది." తర్వాత భజ్జు శ్యామ్ వేసిన 'లండన్ జంగిల్ బుక్' చూసింది. ఆయన ఒక రెస్టారెంటు గోడకు బొమ్మలు వేసే పని మీద లండన్ వెళ్లి, వచ్చాక 2004లో ఆ పుస్తకం చేశారు. లండన్ గడియారపు స్తంభాన్ని కోడిపుంజుతో కలిపేశారు, రెండూ పొద్దు చెప్పేవే కదా. భూమి కింద పోయే రైలును వానపాముగా వేశారు. మేమూ హోటల్ గోడకు బొమ్మలు వేశాం, ఆయనా వేశారు. కానీ ఆయన తన కళ్లతో నగరాన్ని చూశారు. మేము నగరం అడిగినట్టు మమ్మల్ని చూసుకున్నాం.

అక్క ఇప్పుడు ఎంజీబీఎస్ బస్టాండును చీమల పుట్టగా గీస్తోంది. చుక్కలు లేవు. లోపల నింపేవి వాళ్ల అవ్వ మోచేతి మీది పచ్చబొట్టు గీతలు. అవ్వను అడిగి, ఒక్కొక్కటీ ఏమిటో చెప్పించుకుని, సరే అన్నవే వాడుతోంది.

కోయ అక్కది వేరే దారి. ఆమె పుస్తకంలో ఎక్కడా దేవుళ్లు, జంతువులు లేవు. పెట్టెలు, బకెట్లు, మంచాలు, ఆరేసిన బట్టలు. ఆస్ట్రేలియా చిత్రకారుడు షాన్ టాన్ 2006లో వేసిన 'ది అరైవల్' చూసి మొదలైంది. అందులో ఒక్క మాట ఉండదు. ఒకాయన పెట్టె పట్టుకుని భాష తెలియని ఊళ్లో దిగుతాడు. అక్కడి అక్షరాలు ఆయనకే కాదు, చూసే మనకూ అర్థం కావు. ఆరో తరగతిలో ట్రంకు పెట్టెతో హాస్టల్లో దిగిన రోజు, టీచర్ తెలుగు ఒక్క ముక్క అర్థం కాని రోజు, తనకు గుర్తొచ్చిందని చెప్పింది.

తర్వాత ఆమెకు ఆనీ పూటూగుక్ బొమ్మలు కనిపించాయి. ఆమె కెనడా ఉత్తరాన మంచు ప్రాంతపు ఆదివాసీ, ఇనూయిట్. అమ్మ, అమ్మమ్మ ఇద్దరూ పేరున్న చిత్రకారులు. ఇనూయిట్ బొమ్మలంటే కొనేవాళ్లకు గుడ్లగూబలు, ఎలుగుబంట్లు గుర్తొస్తాయి. ఆనీ మాత్రం రంగు పెన్సిళ్లతో తన వంటగది, గోడ గడియారం, టీవీ చూస్తున్న కుటుంబం, దుకాణంలో సరుకులు, ఇంట్లో తాగుడు, కొట్లాట, ఉన్నది ఉన్నట్టు వేసింది. 2006లో, కెనడాలో అప్పట్లో యువ కళాకారులకు ఇచ్చిన పెద్ద బహుమతి, సోబీ అవార్డు, ఆమెకే వచ్చింది. కోయ అక్క నోటుబుక్కులో ఆ పేజీ పక్కన "ఇది కూడా గీయొచ్చా?" అని ఒక్క ప్రశ్న ఉంది. కింద ఇంకో రోజు, వేరే ఇంకుతో, "గీయొచ్చు" అని రాసుకుంది.

ఆమె ఇప్పుడు హాస్టల్ బొమ్మలు గీస్తోంది. కుళాయి దగ్గర వరుస, తాళం పోయిన ట్రంకు పెట్టె, ఆదివారం నాన్న వస్తాడేమోనని గేటు పట్టుకుని నిలబడిన పిల్ల. "ఇందులో ట్రైబల్ ఏముంది?" అని ఒక ప్రదర్శన పెట్టినవాళ్లు అడిగారు. ఆమె జవాబు చెప్పలేదు. ఆ బొమ్మ ఫొటో ఇంటికి పంపితే వాళ్ల పెద్దమ్మ ఫోన్ చేసి, "గేటు దగ్గర పిల్ల నువ్వే కదనే" అని ఏడ్చింది. జవాబు అదే.

ఇంత చెప్పి, ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మన ఇష్టం మనదే అని ఇంట్లో ఉన్నవన్నీ బజారుకు తేకూడదు. సవర గోడ బొమ్మ దేవతలకు, పోయిన పెద్దలకు వేసేది. కోయల పడిగె మీది బొమ్మలు డోలీలు పాడే వంశ కథలు. కొన్ని అమ్మేవి కావు, కొన్ని గీయడానికి అందరికీ హక్కు లేదు. పెద్దలను అడగండి. వద్దంటే వద్దు. ఆ గోడను చూసి నేర్చుకున్న చూపు మాత్రం మీతోనే ఉంటుంది.

పక్క తెగవాళ్ల పద్ధతి నచ్చితే నేర్చుకోండి, నోటుబుక్కులో వేయండి, ఎవరి దగ్గర నేర్చుకున్నారో పేరు చెప్పండి. దాని కింద మీ పేరు రాసి అమ్మకండి. మేము ఒకసారి చేశాం. మళ్లీ చేయం.

మీలో బొమ్మలు వేసేవాళ్లు చాలామంది ఉన్నారని మాకు తెలుసు. పరీక్ష అట్టల వెనక వేసిన బొమ్మలు భోజనాల దగ్గర చూశాం. రంగుల పెట్టె లేదని ఆగకండి. ఈ రోజు ఇంటికెళ్లాక ఒక పాత నోటుబుక్కు తీయండి. మీ కన్ను ఆగినదాన్ని ఒక్కటి చేత్తో దింపండి. పక్కన "బాగుంది" అనకుండా ఒక్క వాక్యం రాయండి. తెలుగులో రాకపోతే గోండిలో, కోయలో, సవరలో రాయండి. మాకు మొదటి నిజమైన వాక్యాలు ఆ భాషల్లోనే వచ్చాయి.

వచ్చే సంవత్సరం ఇదే సభకు ఆ నోటుబుక్కులు పట్టుకుని రండి. మేమూ మావి తెస్తాం. చాప మీద అన్నీ పరిచి కూర్చుని చూసుకుందాం.

సెలవు. జోహార్! జై ఆదివాసీ!