ఫ్లాటులో మెయింటెనెన్సు లెక్క



కౌతాళంలో మన మిద్దె కారితే మనమే చౌడు పోయించుకుంటాము. నెలనెలా ఎవరికీ కట్టేది లేదు. రిటైరైన డబ్బుతో ఆదోనిలోనో, కర్నూలులోనో ఫ్లాటు కొన్నవారికి మాత్రం లిఫ్టు, వాచ్‌మన్, నీళ్ల మోటారు కరెంటు ఖర్చులో వాటా తప్పదు. "నేను కింది అంతస్తు, లిఫ్టు ఎక్కను" అన్నా చాలాచోట్ల చెల్లదు. బైలాలో ఎలా రాసుకున్నారో అదే లెక్క.

ఇంగ్లండులో లీజు ఫ్లాటువారు సాధారణంగా ఈ చార్జీ స్థలం యజమానికి కడతారట. మనకు 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం కింద స్థలంలోనూ, మెట్లు వగైరాలలోనూ అవిభక్త వాటా ఉంది. కట్టేది మన సంఘానికే. కనుక ఏటా జమాఖర్చులు, వోచర్లు చూపమని మొహమాటం లేకుండా అడగండి.

కొనేనాడు బిల్డరు కార్పస్ ఫండు అని వసూలు చేస్తే, అది సంఘం ఖాతాకు మారిందా అని చూసుకోండి. 2016 నాటి రెరా చట్టం వర్తించే కట్టడాల్లో, సంఘం బాధ్యత తీసుకునేవరకు, సమంజసమైన చార్జీకి ముఖ్య సేవలు బిల్డరే నడపాలి.

సంఘం వసూలుచేసే మెయింటెనెన్సు నెలకు 7,500 రూపాయలు మించకపోతే జి.ఎస్.టి. లేదు. మన ఊళ్లలో అంత ఎక్కడ వస్తుంది! అయినా రసీదులో పన్ను పడితే ఎందుకని అడగండి.

మన తర్వాత ఫ్యామిలీ పెన్షను తగ్గుతుంది, ఈ చార్జీ తగ్గదు. బైలా కాపీ, రసీదులు ఏ బీరువాలో ఉన్నవో ఇంట్లోవారికి ఇప్పుడే చూపించండి.