రాజ్యాంగం చెప్పే పంతుళ్ళు
(రేడియో ప్రసంగ పాఠం)

ఈ వారం వీసాల గురించీ, గ్రీన్ కార్డు క్యూ గురించీ మాట్లాడనని ముందే చెప్పేస్తున్నాను. మధ్యలో ఒక్కసారి ఆ మాట రాకుండా ఉండదనుకోండి, అది వేరే సంగతి. ఇవాళ నేను చెప్పబోయేది కొంతమంది పంతుళ్ళ గురించి. మన పిల్లలు చదివే హైస్కూళ్ళలోకి వచ్చి, "నీకు ఏయే హక్కులున్నాయి, అవి ఎక్కడిదాకా ఉన్నాయి, ఎక్కడ ఆగిపోతాయి" అని రాజ్యాంగం పాఠం చెప్పే లాభాపేక్ష లేని సంస్థల వాళ్ళ గురించి.

న్యూజెర్సీలో పిస్కాటవే అంటే మనవాళ్ళకి వేరే పరిచయం అక్కర్లేదు కదా. సగం మందికి అక్కడ చుట్టాలుంటారు, మిగతా సగానికి స్నేహితులుంటారు. 1980లో ఆ ఊరి హైస్కూల్లో ఇద్దరమ్మాయిలు బాత్రూములో సిగరెట్టు తాగుతూ టీచరు కంటపడ్డారు. ఒకమ్మాయి ఒప్పేసుకుంది. పధ్నాలుగేళ్ళ రెండో అమ్మాయి మాత్రం "నేనసలు సిగరెట్టే తాగను" అంది. వైస్ ప్రిన్సిపాలు ఆ పిల్ల హ్యాండ్ బ్యాగు తెరిచాడు. సిగరెట్లు కనపడ్డాయి. అక్కడితో ఆగకుండా ఇంకా వెతికాడు. గంజాయీ, ఒక్కో డాలరు నోట్లూ, ఎవరెవరు బాకీ ఉన్నారో రాసుకున్న చీటీ బయటపడ్డాయి. సంగతి పోలీసుల దాకా వెళ్ళింది.

ఇప్పుడు ప్రశ్న. వైస్ ప్రిన్సిపాలుకి ఆ బ్యాగు తెరిచే హక్కుందా? పోలీసువాడు మన ఇల్లు సోదా చెయ్యాలంటే సాధారణంగా వారంటు కావాలి. బడిలో పిల్ల సంచీకి ఆ రూలు వర్తిస్తుందా, వర్తించదా? కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 1985లో తీర్పు వచ్చింది. రాజ్యాంగం నాలుగో సవరణ బడిలో కూడా పనిచేస్తుంది, కానీ బడివాళ్ళకి వారంటు అక్కర్లేదు, సబబైన అనుమానం ఉంటే చాలు అన్నారు. సగం గెలుపు, సగం ఓటమి.

ఈ కేసు అమెరికాలో ఎన్నో తరగతి గదుల్లో చెబుతారు. చెప్పే పద్ధతే ముచ్చటగా ఉంటుంది. కథ చెబుతారు, తీర్పు చెప్పరు. పిల్లల్ని మూడు జట్లు చేస్తారు. ఒక జట్టు అమ్మాయి లాయర్లు, ఒక జట్టు బడి లాయర్లు, ఒక జట్టు జడ్జీలు. వాళ్ళు వాదించుకుని, తగువులాడుకుని, ఒక తీర్పుకి వచ్చాక అప్పుడు అసలు తీర్పు చూపిస్తారు. మన హరికథ దాసుగారు కథని మంచి పట్టుమీద ఆపి, చిడతలు వాయించి, జనం "ఆపైన?" అనేదాకా చూస్తారే, అలాగన్నమాట.

ఈ పద్ధతికి బాగా పేరొచ్చింది వాషింగ్టన్ నగరంలో. 1972లో జార్జ్‌టౌన్ యూనివర్సిటీ లా విద్యార్థులు అక్కడి హైస్కూళ్ళకి వెళ్ళి పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. దానికి స్ట్రీట్ లా అని పేరు. అంటే వీధిలో నడిచే మామూలు మనిషికి పనికొచ్చే చట్టం. ఇల్లు అద్దెకి తీసుకుంటే ఏం చూసుకోవాలి, పోలీసులు ఆపితే ఏం చెయ్యాలి, కొన్న వస్తువు పాడైతే ఎవర్ని అడగాలి, ఇలాంటివి. తర్వాత అదే పేరుతో లాభాపేక్ష లేని సంస్థగా నిలబడింది. 1980లలో దక్షిణాఫ్రికాకి కూడా వెళ్ళింది. వర్ణవివక్ష ఇంకా నడుస్తున్న రోజుల్లో అక్కడ పిల్లలకి "చట్టం ఏమంటోంది, న్యాయం ఏమంటోంది" అని విడదీసి చెప్పడమంటే మాటలు కాదు.

అంతకన్నా పాతది లాస్ ఏంజెలెస్‌లో 1962లో పుట్టిన కాన్స్టిట్యూషనల్ రైట్స్ ఫౌండేషన్. 2023లో దాని పేరు టీచ్ డెమోక్రసీ అని మార్చుకున్నారు. పాత పేరే నాకు నచ్చింది గానీ, నన్నెవరడిగారు లెండి. కాలిఫోర్నియాలో హైస్కూలు పిల్లలకి ఉత్తుత్తి కోర్టు పోటీలు, అదే మాక్ ట్రయల్ అంటారు, అవి నడిపేది వీళ్ళే. ఇక 1999లో అమెరికన్ యూనివర్సిటీలో జేమీ రాస్కిన్ అనే ప్రొఫెసరు (తర్వాత ఆయన మేరీలాండ్ నుంచి కాంగ్రెసుకి వెళ్ళారు) మార్షల్-బ్రెన్నన్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. థర్గుడ్ మార్షల్, విలియం బ్రెన్నన్ అనే ఇద్దరు సుప్రీం కోర్టు జడ్జీల పేర్లు కలిపి పెట్టినది. అందులో కూడా లా విద్యార్థులే పంతుళ్ళు. ఇంక కంప్యూటర్ ఆటల ద్వారా చెప్పే ఐసివిక్స్ సంగతి మీ పిల్లలకే బాగా తెలిసుంటుంది. సుప్రీం కోర్టు నుంచి రిటైరైన జస్టిస్ సాండ్రా డే ఓకానర్ 2009లో పెట్టిన సంస్థ అది. ఆవిడ 2023లో పోయారు, ఆటలు మాత్రం ఆడుతూనే ఉన్నారు.

సరే, ఇందులో మనకేమిటి? అక్కడికే వస్తున్నాను.

మన ఇళ్ళల్లో పిల్లలకి మొట్టమొదట నేర్పేది ఏమిటి? పెద్దవాళ్ళు అడిగితే జవాబు చెప్పాలి. మాట్లాడకుండా నిలబడితే "ఏం, నోట్లో బెల్లం ముక్క ఉందా?" అంటాం. ఎదురు చెబితే పొగరు, చెప్పకపోతే మొండితనం. ఈ పెంపకంలో తప్పుందని నేననను. కానీ అదే పిల్లవాణ్ణి బడిలో ఓ గదిలో కూర్చోబెట్టి, యూనిఫారం వేసుకున్న పోలీసాయన "అసలేం జరిగిందో చెప్పు బాబూ" అని మెత్తగా అడిగాడనుకోండి. మనవాడు ఏం చేస్తాడు? చెప్పేస్తాడు. జరిగింది చెబుతాడు, జరగంది కూడా చెబుతాడు. ఆయన ముఖం ప్రసన్నం అయ్యేదాకా చెబుతూనే ఉంటాడు.

నార్త్ కరోలినాలో చాపెల్ హిల్ ఉంది. మనవాళ్ళు బోలెడుమంది ఉన్న చోటు. 2005లో అక్కడి మిడిల్ స్కూల్లో పదమూడేళ్ళ పిల్లవాణ్ణి క్లాసులోంచి లేపి తీసుకెళ్ళి, తలుపు మూసిన గదిలో కనీసం అరగంట ప్రశ్నించారు. పోలీసులూ, బడి అధికారులూ కలిసి. ఇంట్లో మామ్మగారుంటే ఆవిడకి ఫోను కూడా చెయ్యనివ్వలేదు. నువ్వు లేచి వెళ్ళిపోవచ్చన్న సంగతి, వాడు దొంగతనం ఒప్పుకున్నాక గానీ చెప్పలేదు. సుప్రీం కోర్టు 2011లో ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు అయ్యి, ఇలాంటి చోట పిల్లల వయసు లెక్కలోకి తీసుకోవాల్సిందేనంది. పెద్దవాడికి లేచి వెళ్ళిపోవచ్చని తోచే గది, పదమూడేళ్ళవాడికి జైలులా అనిపిస్తుందని గుర్తించడానికి ఐదు-నాలుగు తీర్పు కావలసొచ్చింది చూడండి.

అంతకు ముందుదే ఇంకొకటి. 1964లో అరిజోనాలో జెరాల్డ్ గాల్ట్ అనే పదిహేనేళ్ళ కుర్రవాణ్ణి, పొరుగావిడకి అసభ్యంగా ఫోను చేశాడని పోలీసులు పట్టుకెళ్ళారు. తల్లీ తండ్రీ ఇద్దరూ పనిమీద ఉన్నారు. ఇంటి దగ్గర ఒక కాగితం ముక్క కూడా పెట్టలేదు. సాయంత్రం తల్లి ఇంటికొచ్చి, పిల్లవాడు లేడని వెతుక్కుంది. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళే ఇళ్ళు మనవి, ఆ తల్లి సంగతి మనకి ఎవరూ వర్ణించి చెప్పక్కర్లేదు. లాయరు లేడు, ఫిర్యాదు చేసినావిడ కోర్టుకే రాలేదు. ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా, అంటే దాదాపు ఆరేళ్ళు, బాల నేరస్థుల బడిలో ఉండమన్నారు. అదే నేరానికి పెద్దవాళ్ళకి శిక్ష యాభై డాలర్ల లోపు జరిమానా, లేదా రెండు నెలల లోపు జైలు! 1967లో సుప్రీం కోర్టు, పిల్లలకి కూడా లాయరు ఉండాలి, ఆరోపణ ఏమిటో ముందుగా చెప్పాలి, మౌనంగా ఉండే హక్కు ఉంది అని తేల్చింది.

ఈ పంతుళ్ళు చేసే అసలు పని నా ఉద్దేశంలో ఇక్కడుంది. హక్కు పుస్తకంలో ఉంటే సరిపోదు, అది నోటికి రావాలి. "నేను మా అమ్మానాన్నలతో మాట్లాడాకే జవాబు చెబుతానండి" అన్న ఒక్క వాక్యాన్ని మర్యాదగా, గొంతు వణక్కుండా అనడం సాధన చెయ్యాలి. ఉత్తుత్తి పోలీసూ, ఉత్తుత్తి విద్యార్థీ వేషాలు వేయించి చేయించే సాధన అదే. లెక్కల హోంవర్కు ఎందుకు చెయ్యలేదని టీచరు అడిగితే ఈ వాక్యం వాడకూడదని కూడా చెప్పాలి. మన పిల్లలు తెలివైనవాళ్ళు, వాడేస్తారు!

ఇప్పుడు వీసా మాట. "మనం సిటిజన్లం కాదు కదా, మనకెందుకొచ్చిన హక్కులు, నోరు మూసుకుని చదువుకో" అనే తల్లిదండ్రులు మనలో చాలామంది ఉన్నారు. భయం అర్థం చేసుకోవచ్చు. కానీ రాజ్యాంగం పధ్నాలుగో సవరణలో చట్టపు సమాన రక్షణ గురించి రాసిన చోట ఉన్న మాట పౌరుడు కాదు, వ్యక్తి. ఏ వ్యక్తికైనా అని. 1886లో శాన్ ఫ్రాన్సిస్కోలో బట్టలుతికే దుకాణం నడుపుకునే ఒక చైనా ఆయన ఆ ఒక్క మాట పట్టుకునే కేసు గెలిచాడు. అప్పటికి చైనావాళ్ళకి ఇక్కడ పౌరసత్వమే ఇచ్చేవారు కాదు. 1982లో టెక్సాస్ కేసులో, కాగితాలు లేని పిల్లలకి కూడా బడి తలుపు మూయకూడదన్నది కూడా ఆ మాట మీదే. హెచ్-4 మీద ఉన్న మన పిల్లవాడికి ఓటు లేదు, జ్యూరీలో కూర్చునే వీలు లేదు. కానీ పోలీసు అడిగినప్పుడు మౌనంగా ఉండే హక్కు, పక్క బెంచీలో కూర్చున్న అమెరికన్ పిల్లవాడికి ఎంతుందో వీడికీ అంతే ఉంది.

అలాగని అంతా పాలూ తేనే అని చెబితే అబద్ధమవుతుంది. 2025లో ఈ దేశంలో విదేశీ విద్యార్థులు కొందరు తమ రాతల వల్లా, నిరసనల వల్లా వీసాలు పోగొట్టుకున్నారు, కొందరు నిర్బంధంలో ఉండి కోర్టులకెక్కారు. తరగతిలో ఒక పిల్ల లేచి, "నాకు మాట్లాడే హక్కుందంటున్నారు, మా నాన్నేమో మాట్లాడితే పంపించేస్తారంటున్నారు, ఇందులో ఏది నిజం?" అని అడిగితే ఏ పంతులు మాత్రం ఒక్క ముక్కలో ఏం చెబుతాడు? నిజాయితీగల పంతులు హక్కు ఏమిటో చెబుతాడు, ఆ హక్కు కోసం పోరాడితే ఎంత కాలం, ఎంత ఖర్చు పడుతుందో కూడా చెబుతాడు. నిర్ణయం నీది, మీ ఇంటిది అంటాడు. తన రాజకీయాలు మాత్రం చెప్పడు. ఈ ఉద్యోగంలో కష్టమైన నియమం అదేనేమో. ఎటు ఒరిగినా ఒక పక్క బడి తలుపు మూసుకుపోతుంది.

డబ్బు సంగతి రెండు ముక్కలు. 2021లో వచ్చిన ఒక నివేదిక ప్రకారం, ఈ దేశంలో ఫెడరల్ ప్రభుత్వం సైన్సూ, లెక్కల చదువుల మీద ఏడాదికి ఒక్కో విద్యార్థికి సుమారు 50 డాలర్లు ఖర్చు పెడితే, పౌరశాస్త్రం మీద పెట్టేది 5 సెంట్లు. నవ్వకండి, మన ఇంటి లెక్క తీసినా అంతకన్నా గొప్పగా ఉండదు. కుమాన్‌కి ఎంత, రోబోటిక్స్‌కి ఎంత, స్పెల్లింగ్ బీకి ఎంత? 2022 జాతీయ పరీక్షలో ఎనిమిదో తరగతి పిల్లల్లో పౌరశాస్త్రం బాగా వచ్చినవాళ్ళు నూటికి 22 మందే.

"ఇదంతా అమెరికా పైత్యం, మన సంస్కృతి కాదు" అనేవాళ్ళకి ఒక తెలుగాయన్ని పరిచయం చేస్తాను. 1943లో వెస్ట్ వర్జీనియాలో జెండాకి వందనం చెయ్యమని బడి పిల్లల్ని బలవంతపెట్టకూడదని అమెరికా సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం జోరుగా నడుస్తుండగా! నలభై రెండేళ్ళ తర్వాత, 1985లో, కేరళలో ముగ్గురు పిల్లల్ని బడి నుంచి తీసేశారు. జాతీయ గీతం పాడేటప్పుడు వాళ్ళు లేచి గౌరవంగా నిలబడేవాళ్ళు, మతవిశ్వాసం కారణంగా పాడేవాళ్ళు మాత్రం కాదు. ఆ కేసులో 1986లో ఆ పిల్లల్ని తిరిగి బడిలో చేర్చుకోమని తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డిగారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జీగా పనిచేసి సుప్రీం కోర్టుకి వెళ్ళిన మన తెలుగాయన. ఆ తీర్పులో ఆయన వెస్ట్ వర్జీనియా కేసుని కూడా చర్చించారు. మాట్లాడే హక్కులో మాట్లాడకుండా ఉండే హక్కు కూడా ఉందన్న సంగతి మనకి తెలుగు నోటినుంచే వచ్చింది. మీ పిల్లలు తరగతిలో వెస్ట్ వర్జీనియా కేసు చదివి ఇంటికొస్తే, ఈ కథ మీరు చెప్పండి. నాన్నకి జావా తప్ప ఇంకేదో కూడా తెలుసని ఆశ్చర్యపోతారు.

ఇంకో కేసు కూడా చెప్పి ముగిస్తాను. ఇది మీ భోజనాల బల్ల కోసం. 2017లో పెన్సిల్వేనియాలో పధ్నాలుగేళ్ళ అమ్మాయికి బడి చీర్ లీడింగ్ పెద్ద జట్టులో చోటు దొరకలేదు. శనివారం, బడి బయట, ఒక కొట్టు దగ్గర నిలబడి స్నాప్‌చాట్‌లో బడినీ, జట్టునీ బూతు మాటలతో తిట్టి పెట్టింది. బడివాళ్ళు ఏడాదిపాటు ఆ పిల్లని చిన్న జట్టులోంచి కూడా తీసేశారు. సెలవు రోజున, బడి బయట తిట్టిన తిట్టుకి బడి శిక్ష వెయ్యొచ్చా? 2021లో సుప్రీం కోర్టు ఎనిమిదిమంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపు అయ్యి తేల్చింది. ఎవరు గెలిచారో నేను చెప్పను. ముందు పప్పూ అన్నం వడ్డించి, అమ్మాయి తరఫున మీరు వాదించండి, బడి తరఫున మీ పిల్లల్ని వాదించమనండి. తీర్పు ఆ తర్వాత వెతుక్కోవచ్చు.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. నమస్కారం.