ఆమె కాదన్న మర్నాడు
(మహిళా కార్యకర్తల కథారచన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



రెండు రోజులుగా మీ కథలు వింటున్నాను. కట్నం ఉంది, సారా ఉంది, కూలిలో తేడా ఉంది. ప్రేమ మాత్రం లేదు. ఉన్న ఒకటి రెండు చోట్ల కూడా మగవాడు మూడో పేజీలోనే మోసం చేసి వెళ్లిపోతున్నాడు. నిన్న భోజనాల దగ్గర ఒకరిని కారణం అడిగితే, "ప్రేమ రాస్తే సీరియల్ అయిపోతుంది మేడమ్" అన్నారు. ఆ భయం గురించే నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

మా ఇంట్లో యద్దనపూడి సులోచనారాణి సీరియళ్లు పత్రికల్లోంచి చింపి, దబ్బనంతో కుట్టిన పుస్తకాలుగా ఉండేవి. మధ్యాహ్నం అంట్లు అయ్యాక అమ్మ వాటిని పట్టుకుని గుమ్మం పక్కన కూర్చునేది. అప్పుడే పరిశోధనలో చేరిన నేను, ఇదంతా పితృస్వామ్యం చూపించే కల అని ఆమెకు ఉపన్యాసం ఇచ్చాను. అమ్మ అంతా విని, "ఈ గంటసేపు నన్నెవరూ పిలవరే" అంది. తర్వాత జానిస్ రాడ్వే 1984లో ప్రచురించిన అధ్యయనం చదివాను. శృంగార నవలలు ఇష్టంగా చదివే అమెరికన్ గృహిణులు ఆమెకు చెప్పింది దాదాపు ఇదే: చదివే సమయం తమది, అప్పుడు తాము ఎవరికీ చాకిరీ చేయనక్కర్లేదు అని. అమ్మ చెబితే వినని నేను అమెరికా ప్రొఫెసర్ చెబితే విన్నాను. సిగ్గుపడాల్సిన విషయమే.

'సెక్రటరీ' అనగానే మనం రాజశేఖరం డబ్బునీ దర్జానీ చూసి నవ్వుతాం. కానీ పాఠకురాలు పట్టుకున్నది జయంతిని. బయటికెళ్లి ఉద్యోగం చేసే మధ్యతరగతి పిల్ల, ఆత్మాభిమానం వదులుకోని పిల్ల. అంతకంటే ముఖ్యం, ఒక మనిషి ఆమెను గమనిస్తాడు. ఆమె కోపం, మౌనం అతనికి లెక్కలోకి వస్తాయి. ఇంటిల్లిపాదికీ వడ్డించి, తను తిన్నదో లేదో అడిగే దిక్కులేని స్త్రీకి ఇది ఎంత పెద్ద ఆకర్షణో వేరే చెప్పాలా? ఆ ఆకలి నిజమైనది. దాన్ని వెక్కిరిస్తే మనం పోగొట్టుకునేది పాఠకురాలినే.

రెండోది జాప్యం. ఇద్దరూ రెండో ప్రకరణంలోనే మనసు విప్పితే నవల అక్కడే అయిపోతుంది. కాబట్టి ఏదో ఒకటి అడ్డుపడాలి. ఏది అడ్డుపడుతుందన్న దగ్గరే అసలు రాజకీయం ఉంది. మామూలుగా అడ్డుపడేది అతని అహంకారం, లేదా ఒక అపార్థం. అతని కాఠిన్యమంతా దాచుకున్న ప్రేమేనని చివర్లో తేలుతుంది. మొరటుతనాన్ని ప్రేమగా చదువుకోవడం ఈ కథలు నేర్పుతాయని రాడ్వే గుర్తించింది. కౌన్సెలింగ్‌లో కూర్చునే మీకు ఆ చదువు ఎక్కడ తేలుతుందో తెలుసు. చేతి మీద వాత చూపిస్తూనే "కోపమెంతో ప్రేమా అంతేనండీ" అంటారు.

సినిమాల్లో అయితే ఆమె 'కాదు' అంటే ఆలస్యంగా వచ్చే 'అవును' అని అర్థం. వెంటపడితే చాలు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ప్రేమను కాదన్నందుకే. వెంటపడటం నేరమని చట్టంలో చేరింది 2013లో, 354డి సెక్షన్‌గా. 2024 జులై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. చట్టం మారింది. కథలో నాయకుడు మారడానికి ఇంకెంత కాలం పడుతుందో!

మరి 'కాదు'ను గౌరవిస్తే కథ చప్పబడిపోతుందా? జేన్ ఆస్టిన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చూడండి. 1813 నాటిది. డార్సీ ఆమె ఒప్పుకుంటుందన్న ధీమాతో పెళ్లి మాట ఎత్తుతాడు. ఎలిజబెత్ కాదంటుంది, ఎందుకు కాదో మొహం మీదే చెబుతుంది. అతను వెంటపడడు. మర్నాడు ఒక ఉత్తరం చేతికిచ్చి వెళ్లిపోతాడు. తర్వాత ఆమె చెల్లెలి పరువు కాపాడటానికి డబ్బు ఖర్చుపెట్టి, ఆ సంగతి ఆమెకు తెలియకూడదనుకుంటాడు. మళ్లీ అడిగేటప్పుడు కూడా, ఆమె వద్దంటే ఇక ఆ మాటే ఎత్తనంటాడు. నవల మధ్యలో ఆమె చెప్పిన 'కాదు'ను అతను నిజంగా విన్నాడు కాబట్టే మిగతా సగం మనం ఊపిరి బిగబట్టి చదువుతాం. (డార్సీకీ పెద్ద ఎస్టేటు ఉందిలెండి. రాజశేఖరాన్ని ఒక్కడినే తప్పుబట్టి లాభం లేదు.)

నిన్న విన్న ఒక కథలో తాపీపనికొచ్చే వితంతువు ఉంది. ఆమె నీళ్ల క్యానును సెంట్రింగ్ పనివాడొకడు రోజూ ఎండలోంచి తీసి నీడలో పెడుతుంటాడు. రచయిత్రి తొందరపడి ఆ తర్వాత పేజీలోనే అతన్ని దుర్మార్గుణ్ణి చేసేసింది. అమ్మా, ఆ పేజీ తీసెయ్యి. అతన్ని ఒక్కసారి అడగనివ్వు. ఆమెను కాదననివ్వు. తర్వాత మర్నాడు పొద్దున రాయి. ఇద్దరూ అదే పనిలోకి రావాలి, కూలి మానుకోవడం ఇద్దరికీ కుదరదు. ఆ క్యాను నీడలో ఉంటుందా? ఉంటే ఆమెకు నచ్చుతుందా, ఒత్తిడిగా తోస్తుందా? మధ్యాహ్నం అందరం ఆ ఒక్క ఘట్టమే విందాం.