స్మార్టుఫోను: అవసరమెంత?



ఈ దినములలో ఏ యూరి రచ్చబండ కడ కూర్చున్నను ఒక ప్రశ్న వినవచ్చుచున్నది. స్మార్టుఫోను లేనిదే దినము గడవదా? గడవదని పడుచువారందురు. మా కాలమున గడవలేదా యని వృద్ధులందురు. రెండును తొందరపాటు మాటలే. ఒక వస్తువు అవసరమగునో కాదో తేల్చుటకు ముందు, ఎవరికి, ఏ పనికి, నెలకెన్నిమార్లు అని మూడు ప్రశ్నలు వేసికొనవలయును. ఎద్దులజత కొనునప్పుడు మనము వేసికొనెడి ప్రశ్న లివియే గదా! ఫోను విషయమున మాత్రమేల విడువవలె?

మొట్టమొదట వాడుకకును సొంతమునకును గల భేదమును గమనింతము. మన దేశమున తంతివార్తలు పందొమ్మిదవ శతాబ్దపు నడుమ మొదలై 2013 జూలైలో ముగిసినవి. నూటయేబది యేండ్లకు పైబడి చావుకబురును, ఉద్యోగపు కబురును తంతిమీదనే వచ్చెడివి. ఆ తంతియంత్రము ఎవరి యింటనుండెను? ఎవరి యింటను లేదు. యంత్రము తపాలా కార్యాలయమున నుండెను. దాని మేలు ఇంటింటికిని చేరెను. రేడియో సంగతియు తొలిదినములలో నట్టిదే. పంచాయతీ కార్యాలయమున నొక్క పెట్టె యుండగా, సాయంకాలము దాని చుట్టును చేరి ఊరివారు పంటల విశేషములును, ధరవరలును వినెడివారు. కావున ఒక యంత్రము వలని ప్రయోజనము కావలె ననుట వేరు, ఆ యంత్రము ప్రతివాని జేబులోను ఉండవలె ననుట వేరు. ఈ రెంటిని కలిపివేయుట వలననే మన వాదములు తెగకున్నవి.

ఇక నిత్యజీవితములోని పనులను ఒక్కొక్కటిగ చూతము. ఆంధ్రప్రదేశమున వృద్ధులకు 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయల పింఛను ఇచ్చుచున్నారు. సచివాలయపు ఉద్యోగి దానిని ఇంటికి తెచ్చును. యంత్రము అతని చేత నుండును. మనకు వలసినది వ్రేలిముద్రయో, ముఖమో. తెలంగాణమునందును పెక్కు గ్రామములలో తపాలా సిబ్బంది తమ యంత్రముతోనే పింఛను ముట్టచెప్పుచున్నారు. చౌకధరల దుకాణమున బియ్యమునకును వ్రేలిముద్ర చాలును. ఖాతా ఆధారుతో ముడిపడి యున్నచో, బ్యాంకు మిత్ర కడ గాని తపాలావాని కడ గాని వ్రేలిముద్ర వైచి సొమ్ము తీసికొనవచ్చును. ఓటీపీ యను అంకెలు స్మార్టుఫోనునకే వచ్చునని కొందరు భ్రమపడుదురు. అవి సాధారణ సందేశముగ మీటల ఫోనుకును వచ్చును. ఉద్యోగవిరమణ చేసినవారు ఏటేట ఇచ్చు జీవన ప్రమాణపత్రము 2014 నవంబరు నుండి డిజిటల్ రూపమున ఇచ్చుటకు వీలైనది. 2021 నుండి స్మార్టుఫోనులో ముఖము చూపియు దానిని పంపవచ్చును. అయినను ఇదొక్కటే మార్గమని తలపరాదు. బ్యాంకునకు పోవచ్చును, తగిన రుసుము చెల్లించి తపాలావానిని ఇంటికి పిలిపించుకొనవచ్చును.

సొమ్ము పంపుట మాటయేమి? 2016లో మొదలైన యూపీఐ స్మార్టుఫోను గలవారికే యని పలువురి తలంపు. రిజర్వు బ్యాంకు 2022 మార్చి 8వ తేదీని యూపీఐ 123 పే అను పద్ధతిని మీటల ఫోనువారి కొరకే ఆరంభించినది. బ్యాంకు ఖాతాతో ముడిపడిన నంబరు కలిగి, మొదట నొకమారు నమోదు చేసికొనినచో, ఇంటర్నెట్టు లేకయే ఒక నంబరునకు ఫోను చేసి, అది చెప్పినట్లు మీటలు నొక్కి సొమ్ము పంపవచ్చును. అంతకు ముందునుండియు *99# అను మార్గము కలదు. పంటలనుగూర్చిన సందేహములకు 1800-180-1551 అను నంబరు గల కిసాన్ కాల్ సెంటరు 2004 నుండి పనిచేయుచున్నది. అందు తెలుగున మాటలాడవచ్చును, ఖర్చు లేదు. ఇంకొక సంగతి. మాటలకును, సందేశములకును మాత్రమే పనికివచ్చు రీచార్జిని విడిగా అమ్మవలసినదని టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీల నాజ్ఞాపించినది. అట్టి రీచార్జికి గడువు 365 దినముల వరకు ఉండవచ్చునని కూడ చెప్పినది. మీటల ఫోను వాడువారు ఇంటర్నెట్టునకు సొమ్ము కట్టనక్కరలేదు. దుకాణమున ఆ రీచార్జినే పేరుపెట్టి అడుగుడు.

ఇంతమాత్రమున స్మార్టుఫోను వ్యర్థమని నేననను. దుబాయిలోనో, డల్లాసులోనో యున్న కుమారుని ముఖమును, మనుమరాలి నవ్వును చూపగల శక్తి మీటల ఫోనునకు లేదు. చెవులు వినబడనివారు సంజ్ఞలతో మాటలాడుకొనుటకు వీడియో గొప్ప వరము. తెగులు సోకిన ఆకును పొలముగట్టుననే ఛాయాచిత్రము తీసి వ్యవసాయాధికారికి పంపినచో ఒక దినము కలిసివచ్చును. తెగులు విషయమున ఒక దినము చిన్నదికాదు. బస్సు లేని పల్లెనుండి వైద్యునకు రోగిని చూపుటకును ఇది యుపకరించును. ఇట్టి పని వారమునకు రెండు మూడుమార్లు పడువారికి స్మార్టుఫోను విలాసము కాదు, పనిముట్టే.

అయితే పెద్దలు ముఖ్యముగ విచారింపవలసిన అవసరము వేరొకటి గలదు. 2025లో భారత పత్తి సంస్థ, అనగా మన రైతులు సీసీఐ యని పిలుచునది, కపాస్ కిసాన్ అను యాపులో పేరు నమోదు చేసికొని, తేదీని కుదుర్చుకొనిన పిదపనే మద్దతుధరకు పత్తిని తేవలెనని నియమించినది. ఆ యేడు పొడుగుపింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు మద్దతుధర. కేంద్రముల కడ బండ్లబారులు తగ్గవలె, దళారులు రైతుపేర పత్తి అమ్మరాదు అను ఉద్దేశము మంచిదే. కాని ఫలితము చూడుడు. దున్నుటకు, విత్తుటకు, ఏరుటకు స్మార్టుఫోను అక్కరలేదు. అమ్ముకొనుటకు మాత్రము అక్కర వచ్చినది. ఫోను లేని ముదుసలి రైతు ఇంకొకరి వాకిట నిలువవలసివచ్చినది. ఈ అవసరము పొలమున పుట్టలేదు, నియమమున పుట్టినది. నియమము చేసినవారే దానికి దారియు చూపవలయును.

ఇది కోరుటకు మనకు న్యాయమును గలదు. బ్యాంకు ఖాతాకును, సిమ్ముకార్డుకును కెమెరా యెదుట కన్నార్పి తమ గుర్తింపును నిరూపించుట తమకు సాధ్యము కాదని చూపులేనివారును, ఆమ్లదాడికి గురియైనవారును సుప్రీంకోర్టునకు విన్నవించుకొనిరి. 2025 ఏప్రిల్ 30వ తేదీని న్యాయస్థానము, అట్టివారికి వేరుమార్గము లేర్పరుపవలెననియు, డిజిటల్ సేవలను పొందుట రాజ్యాంగము 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమనియు తీర్పుచెప్పినది. ఆ తీర్పు వారి విషయమున వచ్చినదే. కాని యంత్రమును వాడజాలని మనిషిని సేవకు దూరము చేయరాదను న్యాయము, చత్వారముతో అక్షరములు కానని వృద్ధునకును, కూలిసొమ్ముతో ఫోను కొనలేని స్త్రీకిని వర్తింపదని యెవరు చెప్పగలరు?

కావున పెద్దలకు నా మనవి యిది. గ్రామసభలో ఈ విషయమును ఎత్తుడు. ఏ యాపులో నమోదు కావలసియున్నను, ఫోను లేనివారికి రైతు సేవా కేంద్రమునగాని, రైతువేదికయందుగాని, సచివాలయమునగాని ఉచితముగ నమోదు చేసి, కాగితముపై రశీదు ఈయవలెనని తీర్మానము చేసి అధికారులకు పంపుడు. ఒకప్పుడు చదువురానివారి ఉత్తరములను బడిపంతులు చదివి వినిపించెడివాడు. అందెవ్వరును నామోషీ తలపలేదు. నేడు ఫోనుపని చేసిపెట్టు పిల్లవాని సాయము కోరుటయు అట్టిదే.

సాయము కోరునప్పుడు జాగ్రత్త మాత్రము విడువరాదు. ఫోను చేతికియ్యవచ్చును, పిన్ను నంబరు చెప్పరాదు. మనకు సొమ్ము వచ్చుటకు పిన్ను కొట్టనక్కరలేదు. కొట్టుమనిరా, అది మనయొద్దనుండి పోవుచున్నదని తెలియుడు. వ్రేలిముద్ర వైచిన ప్రతిమారును రశీదు చూపించుకొనుడు. పోలీసులమని బెదరించి, వీడియోలో కూర్చుండబెట్టి, డిజిటల్ అరెస్టని సొమ్ము గుంజు దొంగలనుగూర్చి 2024 అక్టోబరు 27వ తేదీని ప్రధానమంత్రియే రేడియోలో దేశమును హెచ్చరించిరి. అట్టి అరెస్టు మన చట్టమున లేదు. మోసము జరిగినచో వెంటనే 1930కి ఫోను చేయుడు. ఆ నంబరునకును ఏ ఫోనైనను చాలును.

కొనవలెనా వలదా యని సందేహించువారు ఒక నెల దినములు చిన్న లెక్క వ్రాయుడు. స్మార్టుఫోను లేక నిజముగ ఆగిపోయిన పనులెన్ని? ఇరుగుపొరుగువారివద్ద నున్నదని మనకును కావలెననిపించిన సందర్భములెన్ని? మొదటి లెక్క పెద్దదైనచో నిస్సంశయముగ కొనుడు, మనుమని యొద్ద కూర్చుండి నేర్చుకొనుడు. రెండవది పెద్దదైనచో ఆ సొమ్మును విత్తనములకో, కంటి అద్దములకో ఉంచుకొనుడు. ఊరికి ఈ యంత్రము కావలయును, సందేహము లేదు. కాని అది లేనివానికి పింఛనును, పంటధరయు ఆగిపోకుండ చూచుట ఊరి పెద్దల బాధ్యత.