ఉన్న కొలువా, వచ్చు కొలువా?

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలలో ప్రధానోపాధ్యాయుడు విద్యయొక్క గొప్పతనమును గూర్చి మాటలాడుట పరిపాటి. ఆ గొప్పతనము మీకు మేము చెప్పవలసినది కాదు. మాండవి వంటి ఊరిలో, మరాఠీ సీమ నడుమ, బిడ్డలకు తెలుగు చదువు కూడ కావలెనని కోరుకొన్నవారు మీరు. కావున నేడు విద్య ముగిసిన పిమ్మట ఎదురగు ఒక చిన్న చిక్కును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

మా వద్దకు వచ్చు తల్లిదండ్రులు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "పంతులుగారూ, మా పిల్లవాడు రోజుకు నాలుగు గంటల కొలువు చేయుచున్నాడు. వేరొకచోట అటువంటిదే మరియొకటి దొరకునట. ఉన్నదానిని విడువవచ్చునా?" చూచుటకు ఇది చిన్న ప్రశ్న. కాని ఆ సమాధానముపై ఒక యింటి ఏడాది బియ్యము, ఒక పడుచువాని పదేండ్ల భవిష్యత్తు ఆధారపడి యుండును.

మన ప్రాంతమున చదువు ముగించినవారికి మొదట దొరకునవి చాల వరకు పార్ట్ టైం ఉద్యోగములే. ఒకరు గ్రామీణ డాక్ సేవకులు. ఒకరు కళాశాలలో గంటల లెక్కపై పాఠములు చెప్పువారు. మరాఠీలో దీనినే తాసికా పద్ధతి అందురు. ఒకరు కిన్వట్‌లోనో ఆదిలాబాదులోనో మందుల దుకాణమున లెక్కలు వ్రాయువారు. మిగిలిన పూట పత్తి చేనిలో పని యుండనే యుండును. ఇట్టి ఉద్యోగములను తూచుటకు మేము నాలుగు కొలతలు చెప్పుదుము.

మొదటి కొలత, నెలను గాక సంవత్సరమును లెక్కించుట. గ్రామీణ డాక్ సేవకులకు 2018 జులై 1 నుండి అమలైన పట్టిక ప్రకారము, నాలుగు గంటల పనికి సహాయ బ్రాంచి పోస్టుమాస్టరుకు 10,000 రూపాయలు, బ్రాంచి పోస్టుమాస్టరుకు 12,000 రూపాయలు మొదటి భృతిగా నిర్ణయింపబడినవి. దానిపై కరువు భత్యము వేరు. ఇది పండ్రెండు నెలలును వచ్చునది. గంటల లెక్క కొలువులో నెలకు 14,000 వచ్చునని చెప్పిరనుకొందము. తరగతులు జరుగునది ఎనిమిది నెలలే యైనచో ఏడాదికి 1,12,000 మాత్రమే. సెలవులకు, వేసవికి జీతము లేదు. నాందేడులో గదికి, భోజనమునకు నెలకు 5,000 చొప్పున 40,000 పోగా చేతికి మిగులునది 72,000. పదివేలది చిన్నదిగాను, పదునాలుగువేలది పెద్దదిగాను కనబడెను. సంవత్సరమంతయు లెక్కించినపుడు పెద్దది చిన్నదైనది. దూరపు కొండలు నునుపన్న మాట ఊరకనే పుట్టలేదు.

రెండవ కొలత, కాగితము. వచ్చు కొలువునకు నియామక పత్రము చేతికి వచ్చినదా? ఎన్ని గంటలు, ఎంత జీతము, ఎంత కాలము అనునవి అందు వ్రాసి యున్నవా? నోటిమాటను నమ్మి ఉన్న కొలువునకు రాజీనామా వ్రాయరాదు. "ఉన్నదీ పోయె, ఉంచుకొన్నదీ పోయె" అని తరువాత విచారించి ఫలము లేదు. జీతమునుండి భవిష్యనిధి కోత యున్నచో ఆ సంఖ్యను జాగ్రత్త చేసికొనవలెను. యజమాని మారినను సంఖ్య మారదు. ఆ పథకమున పింఛనుకు పది సంవత్సరముల సేవ కావలెను గనుక, కొలువు మారినపుడెల్ల సొమ్ము తీసికొని ఖర్చు చేయువాడు తన సేవాకాలమును తానే చెరిపివేసికొనుచున్నాడు.

మూడవ కొలత, ఆ కొలువు ఏ తలుపు తెరచుననునది. డాక్ సేవకుని పని పూర్తికాలపు ప్రభుత్వోద్యోగము కాదు. ఈ సత్యమును దాచరాదు. అయినను శాఖాపరీక్షల ద్వారా పోస్టుమేన్ మొదలగు స్థిరమైన పదవులకు పోవుటకు అందు మార్గమున్నది. దుకాణపు కొలువులో అట్టి మెట్టు లేకపోవచ్చును గాని, వ్యాపారపు మెలకువ నేర్చి సొంత దుకాణము పెట్టదలచినవానికి అదియే పాఠశాల. నేడు వచ్చు జీతమొక్కటే గాక, ఐదేండ్ల తరువాత నిలుపు చోటును గూడ చూడవలెను.

నాలుగవ కొలతను మనము తరచుగా మరచుచున్నాము. అది మిగిలిన పూట. పార్ట్ టైం ఉద్యోగమునకు జీతమెంత విలువయో, అది మనకు విడిచిపెట్టు గంటలును అంత విలువ. ఆ గంటలలో పరీక్షకు చదువవచ్చును, తండ్రికి చేనిలో సాయపడవచ్చును. నాలుగు గంటల పనికి మూడు గంటలు బస్సులలో గడుపవలసి వచ్చినచో అది నాలుగు గంటల కొలువు కాదు, ఏడు గంటల కొలువు.

ఇక జరిగిన సంగతి యొకటి చెప్పెదము. మా పూర్వ విద్యార్థిని యొకతె బి.ఎడ్. ముగించి, సమీప గ్రామమున తపాలా పనిలో నుండెను. ఆ సంవత్సరము మన పాఠశాలలోనే తెలుగు చెప్పువారు కావలసివచ్చిరి. పదవి మంజూరు కాలేదు. గంటల లెక్కపై మాత్రమే ఇయ్యగలము. ఆమె సంతోషముతో వచ్చుటకు సిద్ధపడెను. తండ్రి, "బడిలో చేరిన గౌరవము గదా, విడిచి రమ్మందును" అనెను. ఈ ప్రాంతమున తెలుగు చక్కగా చెప్పగలవారు దొరకుట ఎంత కష్టమో మీరెరుగుదురు. ఔనన్న ఒక్క మాటతో మా కొరత తీరును.

అయినను ఆ తండ్రీకూతుళ్ళను కూర్చుండబెట్టి పై నాలుగు కొలతలును వారి యెదుట కాగితముపై వ్రాసి చూపితిమి. ఏడాది లెక్కలో ఆమెకు నష్టము. మరుసటి సంవత్సరము గంటలుండునని మేము వ్రాసియిచ్చుటకు వీలులేదు. విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన పిమ్మట ఒకటి నుండి ఎనిమిది తరగతులకు ఉపాధ్యాయ పదవి కోరువారికి అర్హతా పరీక్ష ఆవశ్యకమైనది. ఆమె దానిలో ఇంకను ఉత్తీర్ణురాలు కాలేదు. తపాలా పని ముగిసిన పిమ్మట మధ్యాహ్నములు ఆమెవే. "ముందు ఆ పరీక్ష గట్టెక్కుము. మంజూరైన పదవి వచ్చిననాడు మేమే పిలిచెదము" అంటిమి. ఆమె తపాలా పనిలోనే ఉండిపోయి చదువ నారంభించెను. ఆ సంవత్సరము 9, 10 తరగతుల తెలుగు మేమే చెప్పితిమి. కార్యాలయపు పనిని రాత్రివేళ చూచుకొంటిమి. పిల్లలకు లోటు రాలేదు.

దీనిని బట్టి ఉన్నచోటనే ఉండుడని మేము బోధించుచున్నామని తలపవలదు. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్ళు త్రాగుట మేలని పెద్దలనిరి. నిజమే. కాని నిలుచున్నచోట నీళ్ళే లేనపుడు కదలక తప్పదు. సాతారాలో ప్రయివేటు పాఠములు చెప్పిన కర్మవీర్ భావురావ్ పాటిల్ (1887-1959) ఓగలే గాజు కర్మాగారమునకును, కిర్లోస్కర్ నాగళ్ళకును పనిచేసెను. ఆయన 1919లో కాలే గ్రామమున రయత్ శిక్షణ సంస్థను స్థాపించెను. బీదపిల్లలు పనిచేయుచు చదువుకొను పద్ధతిని ఆ సంస్థ మహారాష్ట్రమంతట ప్రసిద్ధి చేసెను. తన గమ్యము తెలిసినవాడు కొలువు మార్చిన అది పురోగమనము. గమ్యము తెలియనివాడు మార్చిన అది తిరుగుడు మాత్రమే.

మన పిల్లలకు గల ప్రత్యేకమైన కలిమి యొకటి యున్నది. 1956 నవంబరు 1 వరకు మన కిన్వట్ తాలూకా ఆదిలాబాదు జిల్లాలోనిది. నాడు గీచిన సరిహద్దు మనకు రెండు భాషల నిచ్చినది. డాక్ సేవకుల ఎంపికకు పదవ తరగతి మార్కులు ఆధారము. ఆ ప్రాంతపు భాషను పదవ తరగతి వరకు చదివి యుండుట నియమము. మహారాష్ట్రకు మరాఠీ, తెలంగాణకు తెలుగు. రెండింటిని చదివిన మన బిడ్డకు భాషా నియమము ఇరువైపుల అడ్డు రాదు. కావున తెలుగు చదివిన దారి మూసికొనిపోవునని గాని, మరాఠీ మనది కాదని గాని ఇంట అనవలదు. రెండును శ్రద్ధతో చదివింపుడు.

తుదకు తల్లిదండ్రులకు ఒక మనవి. పొరుగింటివాని కొడుకు మారినాడు గనుక మీ కొడుకును మారుమనవలదు. ప్రభుత్వపు పేరున్నది గనుక కదలవలదనియు శాసింపవలదు. ఒక సాయంకాలము బిడ్డతో కూర్చుండి ఈ నాలుగు లెక్కలు వేయుడు. లెక్క మీరు చూపుడు. నిర్ణయము వారిని చేయనిండు. ఆ కాగితముతో మా వద్దకు వచ్చినచో, బడి వేళ ముగిసిన పిమ్మట ఎంతసేపైనను కూర్చుండుటకు మేము సిద్ధముగా నున్నాము.