దెబ్బలు మానినంత మాత్రమున…
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



పిల్లల చదువును గూర్చి మాటలాడవలసిన ఈ వేదికపై ఇండ్లలోని ఒక దుఃఖమును ప్రస్తావింపదలచితిమి. అది పిల్లల చదువును సైతము సోకుచున్నది గనుక, ఇదియు పాఠశాల విషయమే.

చురుకైన బాలిక యొకతె తరగతిలో మాటలాడుట మానివేసినదని ఉపాధ్యాయిని చెప్పగా, ఆమె తల్లిని పిలిపించితిమి. భర్త కొట్టుచుండగా భరింపలేక ఆమె బిడ్డతో పుట్టినింటికి చేరి ఏడాది దాటినది. ఒంటిమీది దెబ్బలు మానినవి. అయినను నిద్ర పట్టదు; తలుపు చప్పుడైన ఉలికిపడును; తప్పు తనదేయేమో యని కుమిలిపోవును. మేమును "సర్దుకొని కాపురమునకు పొమ్మా" యని హితవు చెప్పితిమి. ఆ మాటకు నేడు సిగ్గుపడుచున్నాము.

ఇది పిచ్చి కాదు. చిరకాలము భయములో బ్రతికిన మనస్సు ఆపద తొలగిన పిదపను కావలి విడువదు. దీనికి చికిత్స కలదు. మొదట క్షేమమైన చోటు, పిదప ఓపికతో వినువారు కావలెను. కొందరికి ఔషధములును అవసరమగును.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన కర్ణాటకమున వివాహిత స్త్రీలలో నూటికి 44 మంది భర్తచే హింసకు గురియైనవారే. దేశమున దెబ్బలు తిన్నవారిలో సహాయమర్థించినవారు నూటికి 14 మంది మాత్రమే.

బజారున కన్నడము తడుముకొనక మాటలాడు ఆ తల్లికి వైద్యశాలలో నోరు పెగలలేదు. తెలుగు తెలిసిన సలహాదారిణి ప్రక్కన కూర్చుండిన నాడే కడుపులోని దుఃఖము బయటపడెను. మాతృభాష పిల్లల పాఠములకే కాదు, పెద్దల కన్నీటికిని అవసరమని ఆనాడు గ్రహించితిమి.

2005 గృహహింస చట్టము మాటలతో, అవమానములతో పెట్టు బాధను సైతము హింసగానే ఎంచినది. స్త్రీకి ఇంట నివసించు హక్కు నిచ్చినది. 181 సంఖ్యకు ఫోను చేసినచో మహిళలకు సహాయము లభించును. 2022లో ఆరంభమైన టెలీ మానస్ 14416 ద్వారా మనోవ్యథకు తెలుగుననే సలహా పొందవచ్చును.

తల్లులారా, తండ్రులారా! అట్టి సోదరి మీ గడప తొక్కినచో, ఎవరిది తప్పని విచారింపకుడు, వెనుకకు పంపకుడు. "నీ తప్పు లేదమ్మా" యని చెప్పి, ఆమె చెప్పినంత వినుడు. ఆ బాలిక మొన్న తరగతిలో పద్యము చదివినది. ఆమె తల్లి వెనుక వరుసలో కూర్చుండి వినినది.